దారి పక్కన వీరగల్లో శాసనమో కనిపిస్తే నమోదు చేసే పద్ధతి

పొలిమేరలోనో, చెరువు కట్ట మీదో, వేపచెట్టు మొదట్లోనో సగం పూడిన వీరగల్లు (చనిపోయిన వీరుడి గుర్తుగా నిలిపిన చెక్కడపు రాయి) లాంటి రాతిపలక కనిపించగానే చాలామంది చేసే మొదటి పని దాన్ని పెకలించడం. అది చేయొద్దు. రాయి ఎక్కడుంది, ఏ దిక్కుకు తిరిగి ఉంది అన్నది కూడా రాతతో సమానమైన ఆధారమే. తూము పక్కనున్న శాసనాన్ని తెచ్చి గుడి ఆవరణలో నిలబెడితే, అందులోని 'ఈ చెరువు' ఏ చెరువో ఇక తేలదు. కింద సిమెంటు పోస్తే చివరి రెండు మూడు పంక్తులు దానిలో కలిసిపోతాయి. దానాన్ని చెడగొట్టేవాళ్లను తిట్టే శాపశ్లోకం, రాసినవాడి పేరు ఎక్కువగా ఉండేది అక్కడే.

పూజలందుకుంటున్న రాయైతే ముందు ఊరివాళ్లను అడగాలి. వాళ్లు ఒప్పుకోకుండా పసుపు, కుంకుమ తుడవకూడదు. ఆ రాయిని వాళ్లు ఏ పేరుతో పిలుస్తారో రాసుకోండి, ఆ పేరే ఒక్కోసారి పాత సంగతి చెబుతుంది.

చెక్కడాన్ని కింది నుంచి పైకి చూడాలి. మూడు అరల వీరగల్లులో సాధారణంగా అడుగున పోరాటం, నడుమ వీరుణ్ణి స్వర్గానికి తీసుకుపోయే అప్సరసలు, పైన శివలింగం ముందు కూర్చున్న వీరుడు ఉంటారు. అడుగున ఆవులుంటే పశువుల మందను కాపాడుతూ చనిపోయినవాడు, పులి ఉంటే వేటలోనో పులి దాడిలోనో పోయినవాడు. ఒక చేత్తో తన జుట్టు పట్టుకుని మెడ మీద కత్తి పెట్టుకున్న బొమ్మ యుద్ధానిది కాదు, ఆత్మార్పణది. శ్రీశైలంలో కొండవీటి రెడ్డిరాజు అనవేమారెడ్డి 1377లో కట్టించిన వీరశిరోమండపం అలాంటివాళ్ల కోసమే. మోచేతి దగ్గర వంగి పైకెత్తిన గాజుల చెయ్యి సతి (భర్తతో సహగమనం చేసిన స్త్రీ) గుర్తు. లింగం, నంది, పైన సూర్యచంద్రులు ఉండి కింద అక్షరాలు నిండి ఉంటే అది శివాలయానికి ఇచ్చిన దానశాసనం కావచ్చు. సూర్యచంద్రులు ఉన్నంతకాలం దానం నిలవాలని ఆ గుర్తు. వీరగల్లు మీద కూడా సూర్యచంద్రులు ఉంటారు కాబట్టి అవి ఒక్కటే చూసి రకం తేల్చకండి.

ఇక అసలు పని ఫొటో. మిట్టమధ్యాహ్నం తీసిన ఫొటోలో అక్షరం కనిపించదు. గాడిలో నీడ పడితేనే గీత తేలుతుంది. పొద్దు వాలాక, ఫ్లాష్ ఆపేసి, ఫోన్‌ను స్టాండు మీద కదలకుండా రాతికి ఎదురుగా పెట్టండి. ఇంకొకరు టార్చిని పక్కనుంచి, రాతి ముఖానికి 10–15 డిగ్రీల వాలులో పట్టుకోవాలి. ఎడమ, కుడి, పైన, కింద నాలుగు వైపుల నుంచీ వెలుగు వేసి విడివిడిగా తీయాలి. పక్కవెలుగులో నిలువు గీతలు, పైవెలుగులో అడ్డగీతలు తేలతాయి. ఒకే వైపు నుంచి తీసిన ఫొటోను నమ్ముకుంటే తలకట్టుకూ గుడికీ తేడా తెలియదు. పగలే తీయాల్సి వస్తే రాతి మీద గొడుగు నీడ పట్టి, అద్దంతో ఎండను పక్కనుంచి కొట్టించండి. ప్రతి దశలో ఒక ఫొటోలో స్కేలు తప్పకుండా ఉండాలి. రాయి మొత్తం ఒకటి, పంక్తులు మూడేసి చొప్పున దగ్గరగా కొన్ని, వెనకవైపు, పక్కలు, చుట్టుపక్కల స్థలం, ఇవన్నీ కావాలి. శాసనం రెండో వైపుకు కూడా సాగుతుందని చాలామంది చూసుకోరు.

మట్టి ఉంటే మెత్తటి బ్రష్షు, మంచినీళ్లు చాలు. వైరు బ్రష్షు, యాసిడ్, సబ్బు వద్దు. అక్షరాల్లో సుద్ద, పిండి నింపడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. నింపేది మీరు చదివిన రూపం, రాతి మీద ఉన్నది కాకపోవచ్చు. తరవాత వచ్చినవాళ్లు మీ పొరపాటునే చదువుతారు. ఆయిల్ పెయింటు గాడినే పూడ్చేస్తుంది, గీకితే రాతి పొర కూడా ఊడుతుంది. తడి కాగితం అద్ది సిరాతో నకలు తీయడం నేర్చినవాళ్ల పని. రక్షిత కట్టడాల్లోనైతే దానికి అనుమతి కూడా కావాలి.

తేదీ దొరికితే సగం పని అయినట్టే. శకవర్షానికి 78 కలిపితే క్రీస్తుశకం. మాఘ, ఫాల్గుణాలైతే 79, పుష్యమాసమైతే తిథిని బట్టి చూడాలి. దీన్ని సరిచూసుకోవడానికి మంచి చిట్కా ఉంది. శకవర్షానికి 12 కలిపి 60తో భాగిస్తే వచ్చే శేషం, అరవై తెలుగు సంవత్సరాల్లో ప్రభవ నుంచి లెక్కించిన సంవత్సరం వరస (శేషం సున్నా అయితే అరవయ్యోది, అక్షయ). రుద్రమదేవి మరణాన్ని చెప్పే చందుపట్ల శాసనంలో శక 1211, విరోధి అని ఉంది. 1211కి 12 కలిపితే 1223, శేషం 23, ఇరవైమూడోది విరోధే. క్రీస్తుశకం 1289. లెక్క ఒక ఏడాది తేడా వస్తే కంగారు పడొద్దు, గడిచిన ఏళ్లతో, నడుస్తున్న ఏడాదితో రెండు రకాలుగానూ రాసేవాళ్లు. అంతకుమించి తేడా ఉంటే అంకెను మళ్లీ చదవండి. అంకెలకు బదులు మాటలుంటే (చంద్రుడు 1, వేదాలు 4, బాణాలు 5, వసువులు 8, ఆకాశం 0) కుడి నుంచి ఎడమకు పేర్చాలి.

చదవలేని అక్షరం దగ్గర చుక్కలు పెట్టండి, ఊహించి పూరించొద్దు. ఊరు, మండలం, జీపీఎస్ అంకెలు, రాతి ఎత్తు, వెడల్పు, మందం సెంటీమీటర్లలో, పంక్తుల సంఖ్య, ముఖం ఏ దిక్కు, ఇవి రాసి ఫొటోలతో రాష్ట్ర పురావస్తు శాఖకు, మైసూరులోని భారత పురావస్తు సర్వేక్షణ శాసన విభాగానికి పంపవచ్చు. అంతకుముందు జిల్లాల వారీ శాసన సంపుటాల్లో ఊరి పేరు వెతకండి, 'కొత్తగా దొరికింది' అనుకున్నది ఎప్పుడో అచ్చయి ఉండొచ్చు. రోడ్డు విస్తరణ గీత రాతి మీదుగా పోతుంటే మాత్రం ఆగకండి, అదే రోజు తహసీల్దారుకు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి.

బోర్డు పెట్టేటట్టయితే రాతికి మేకు కొట్టకుండా, రెండడుగులు ఎడంగా, ఫొటోకు అడ్డం రాకుండా వేరే స్తంభం మీద పెట్టాలి. రాతి మీద ఉన్నదీ, ఊళ్లో చెప్పుకునేదీ వేర్వేరు వాక్యాల్లో ఉండాలి. 'రాజు ఇక్కడ నీళ్లు తాగాడట' అన్న కథ శాసనం పేరుతో బోర్డెక్కితే దాన్ని దించడం చాలా కష్టం.