పాత సీపీయూ డబ్బాలో కొత్త బోర్డు: కొలతలు, కోతలు, తుప్పు

అటక మీది పాత సీపీయూ డబ్బాలో కొత్త మదర్‌బోర్డు పెట్టాలనుకున్నవాళ్లు చాలామంది ముందు డ్రిల్ మెషిన్ తీస్తారు. టేపు, స్కేలు తీసి ఓ గంట కూర్చుంటే సగం కోతలు అక్కర్లేదని తేలుతుంది. కోయక తప్పని చోట, విశాఖలో కోత కంటే కోసిన అంచుతోనే ఎక్కువ పని. సముద్రపు గాలికి పచ్చి ఇనుము అంచు వానాకాలం గడిచేలోపే ఎర్రబడుతుంది.

ముందు డబ్బా సంగతి. ఇంటెల్ 1995లో ఏటీఎక్స్ అనే ప్రామాణిక డబ్బా, బోర్డు కొలతలు తెచ్చింది. బోర్డు బిగించే కన్నాల స్థానాలు ఇప్పటికీ దాదాపు అవే. కాబట్టి ఏటీఎక్స్ డబ్బా ఎంత పాతదైనా నేటి 244 × 244 మి.మీ. మైక్రో ఏటీఎక్స్ బోర్డు అందులో కూర్చుంటుంది. వెనక గోడలో 158.75 × 44.45 మి.మీ. దీర్ఘచతురస్రపు ఖాళీ ఉందేమో చూడండి, కొత్త బోర్డు పోర్టుల చుట్టూ వచ్చే రేకు (షీల్డు) పట్టేది అక్కడే. ఆ ఖాళీకి బదులు గుండ్రటి కీబోర్డు కన్నం ఒక్కటే ఉంటే అది ఏటీఎక్స్‌కు ముందటి ఏటీ డబ్బా, వెనక గోడంతా కోయాలి. ఆ శ్రమకు అది తగదు. ముందు నుంచి చూస్తే బోర్డు ఎడమ గోడకు బిగించి ఉంటే అది ఏటీఎక్స్‌కు తిరగేసిన బీటీఎక్స్ తరహా, దాన్నీ వదిలేయండి.

ఇక మూడు కొలతలు. ఇవి తీసుకోకుండా ప్రాసెసరు కూలరుగానీ గ్రాఫిక్స్ కార్డుగానీ కొనొద్దు.

బోర్డు బిగించే రేకు నుంచి పక్క తలుపు లోపలి వైపుకి ఎంతుందో కొలవండి. అందులోంచి 16 మి.మీ. తీసేయండి: స్టాండాఫ్ (బోర్డును రేకుకు ఎత్తుగా నిలిపే చిన్న స్తంభం) 6.5, బోర్డు మందం 1.6, సాకెట్టూ ప్రాసెసరూ కలిపి సుమారు 8. డబ్బా లోపల 180 ఉంటే మిగిలేది 164. వెసులుబాటు ఉంచుకుంటే 155 మి.మీ. కూలరు హాయిగా పడుతుంది. కొన్ని డబ్బాల్లో ఎస్ఎంపీఎస్ (కరెంటు అందించే పెట్టె) బోర్డు మీదికి వేలాడుతుంది. అప్పుడు దాని 86 మి.మీ. కూడా పోతుంది, చేతికి 78 మాత్రమే వస్తాయి. అలాంటి చోట పొట్టి కూలరే గతి.

రెండోది గ్రాఫిక్స్ కార్డు పొడవు: వెనక స్లాటు నుంచి హార్డ్ డిస్కు పంజరం దాకా. కార్డు అంచుకీ తలుపుకీ మధ్య పవర్ తీగ వంపు కోసం 30 మి.మీ. ఉండాలి. లేకపోతే తలుపు మూయడానికి తీగను నొక్కుతారు, కనెక్టరు కాళ్లు సరిగా ఆనక వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది.

మూడోది ఎస్ఎంపీఎస్ పొడవు. దాని వెడల్పు 150, ఎత్తు 86 మారవు. పొడవు మాత్రం 140 నుంచి పైకి ఎంతైనా ఉండొచ్చు, వెనకాలే డీవీడీ డ్రైవు అడ్డు ఉంటుంది. పాత ఎస్ఎంపీఎస్‌నే వాడదామనుకోకండి. అప్పటివి 5 వోల్టుల లైను మీద బరువు మోసేలా చేసినవి. ఇప్పటి ప్రాసెసరూ కార్డూ లాగేదంతా 12 వోల్టుల మీదే.

పంజరం తీయక తప్పకపోతే అది రివెట్లతో ఉంటుంది. 4 మి.మీ. బిట్టుతో రివెట్ తల మాత్రం కొరకండి, తల ఊడగానే ఆపేయాలి. రివెట్ బిట్టుతోపాటే తిరుగుతుంటే వెనక నుంచి కటింగ్ ప్లయరుతో పట్టుకోండి. పంజరం పోయాక ముందు భాగం వణుకుతుంది, అడుగున ఒక అల్యూమినియం ఎల్ యాంగిల్ ముక్క బిగిస్తే సరిపోతుంది. డిస్కు కోసం బెంగ అక్కర్లేదు, చిన్న పట్టీలా ఉండే ఎం.2 ఎస్ఎస్‌డీ బోర్డు మీదే ఉంటుంది.

గాలి విషయంలో పాత డబ్బాలు బొత్తిగా పనికిరావు. వెనక 80 మి.మీ. ఫ్యాను చోటు, ముందు మూసుకుపోయిన ప్లాస్టిక్. ముందు మూడు డీవీడీ గదులు వరుసగా ఖాళీగా ఉంటే అదృష్టమే, ఆ మూడింట్లో 120 మి.మీ. ఫ్యాను కోత లేకుండా నిలబడుతుంది. లేకపోతే కోయాలి. 120 ఫ్యానుకు మర (స్క్రూ) కన్నాల మధ్య దూరం 105 మి.మీ., గాలి కన్నం 114 మి.మీ. వెనక గోడలో అడ్డంగా 125 మి.మీ. దొరక్కపోతే 92 ఫ్యానుతో సరిపెట్టుకోండి, దానికి కన్నాల దూరం 82.5.

కోసే ముందు డబ్బాలో ఒక్క భాగం కూడా ఉండకూడదు. ఒక్క ఇనుప రజను ముక్క స్లాటులో పడినా బోర్డు పోతుంది. రేకు మీద మాస్కింగ్ టేపు అంటించి దాని మీద గీయండి. గీత కనిపిస్తుంది, జిగ్‌సా (కోత రంపపు మెషిన్) జారినా పెయింటు గీరుకోదు. మరల చోట పంచ్‌తో చిన్న గుంట కొట్టాకే 4.5 మి.మీ. బిట్టు పెట్టండి, లేకుంటే బిట్టు రేకు మీద పరుగెడుతుంది. వెనక చెక్క ముక్క ఆనించి, వేగం తగ్గించి, చుక్క నూనె వేయండి. జిగ్‌సాకు 24 టీపీఐ (అంగుళానికి 24 పళ్ల) లోహపు బ్లేడు ఉండాలి. చెక్క బ్లేడు పెడితే పలచటి రేకు వంగి అలలు తిరుగుతుంది. చేతి పని మీద నమ్మకం లేకపోతే గాజువాక ఆటోనగర్‌లో టింకరింగ్ షెడ్డు వాళ్ల చేత కోయించుకోండి, గీతలు మాత్రం మీరే గీసి తీసుకెళ్లండి.

అంచులను అర్ధచంద్రపు ఆకురాయితో రుద్ది, 320 నంబరు ఉప్పు కాగితం వేసి, థిన్నరుతో తుడిచి, అదే రోజు రెడ్ ఆక్సైడ్ ప్రైమరు రెండు పలచటి పూతలు వేయండి. రేపు అనుకుంటే మళ్లీ రుద్దాల్సిందే. పై స్ప్రే పెయింటుకు ముసురు రోజులు, తెల్లవారుజాము వద్దు. గాలిలో తేమ ఎక్కువైతే పూత ఆరేటప్పుడు తెల్లటి పొగలా మసకబారుతుంది. ఎస్ఎంపీఎస్ ఆనే వెనక ముఖానికి, దాని మరల చుట్టూ మాత్రం రంగు పడనీయకండి, డబ్బాకు ఎర్త్ అక్కడి నుంచే అందుతుంది. తీగలు వెళ్లే కోతలకు కారు డోరు బీడింగు తొడగండి.

బిగించేటప్పుడు బోర్డుకు కన్నం లేనిచోట స్టాండాఫ్ ఉంటే తీసేయాలి, అది బోర్డు వెనక టంకానికి తగిలితే షార్టే. కొన్ని డబ్బాల్లో రేకే బుడిపెలుగా పైకి లేచి ఉంటుంది. పనికిరాని బుడిపెను సుత్తితో అణచి, పైన మందపాటి ఇన్సులేషన్ టేపు వేయండి. మరలు రెండు రకాలు, 6-32, ఎం3. మొదటిదాని గూట్లో ఎం3 వదులుగా ఊగుతుంది, తారుమారైతే ఇరుక్కుని మర చెడుతుంది. పాత రేకులో కూలరు వెనక కిటికీ ఉండదు గనక దాని వెనక పలకను బోర్డు లోపల పెట్టకముందే బిగించాలి.

నొక్కితే లోపలే ఉండిపోయే పాత స్విచ్చు పెడితే కంప్యూటరు వెలిగి నాలుగు సెకన్లకు ఆరిపోతుంది, ఎవరో బటన్ పట్టుకుని కూర్చున్నారని బోర్డు అనుకుంటుంది. నొక్కి వదిలితే పైకొచ్చే స్విచ్చు కావాలి. ఏటీ డబ్బా స్విచ్చుకైతే 230 వోల్టులు వస్తాయి, దాన్ని బోర్డుకు అస్సలు కలపొద్దు. పవర్ లైటు తీగ మూడు కాళ్ల ముక్కగా ఉంటే పిన్నుతో చివరి కాలు ఊడదీసి మధ్యకు మార్చండి. లైటు తిరగేసి పెట్టినా వెలగదంతే, నష్టం లేదు. యూఎస్‌బీ అలా కాదు: విడివిడి తీగల్లో ఎరుపు 5 వోల్టులు, నలుపు గ్రౌండు అని రంగును నమ్మకుండా మల్టీమీటరుతో చూడండి. తిరగేస్తే పెన్‌డ్రైవు కాలిపోతుంది. ఫ్లాపీ గదిలో పట్టే కొత్త యూఎస్‌బీ 3.0 ప్యానెల్ కొనడమే మేలు, పాత పోర్టులు ఎలాగూ పచ్చబారి ఉంటాయి.

కరెంటు ఇచ్చే ముందు ప్లగ్గు ఎర్త్ కాలికీ డబ్బా పచ్చి లోహానికీ మధ్య మీటరు పెట్టండి, ఒక ఓమ్ కంటే తక్కువ చూపాలి. అది సరిగా ఉన్నా డబ్బా తాకితే చిమచిమ అంటే గోడ సాకెట్లో ఎర్త్ లేదని అర్థం, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. తర్వాత పావుగంట ఆట నడిపి, తలుపు మూసి ఒకసారి, తీసి ఒకసారి వేడి రాసుకోండి. తేడా ఐదారు డిగ్రీలు దాటితే ముందు వైపు నుంచి గాలి చాలడం లేదు. విశాఖ ఓడరేవుకు దగ్గరగా ఉండేవాళ్లు ముందు ఫ్యానుకు వడపోత జల్లెడ పెట్టుకుని రెండు వారాలకోసారి కడగాలి, నల్లధూళికి మూసుకుపోయిన జల్లెడ కూడా ఇదే తేడా చూపిస్తుంది.