తమ్ముడికి అన్నం పెట్టండి, అప్పు మాత్రం కట్టకండి

మా తమ్ముడు ఆదివారం తాగి సోమవారం లేవలేకపోతే, వాడి సూపర్‌వైజర్‌కి ఫోన్ చేసి "జ్వరమండీ, రాలేడు" అని చెప్పేది నేనే. నాలుగేళ్లు చెప్పాను. ఇలా వాడి తప్పుల్ని మనమే మోస్తూ వాడి చుట్టూనే మన బతుకు తిప్పుకోవడాన్ని కోడిపెండెన్సీ అంటారని కౌన్సెలర్ చెప్పేదాకా నేను ప్రేమనే అనుకున్నా. మీ ఇంట్లోనూ ఇదే కథైతే, నాకు పనికొచ్చినవి చెప్తాను.

ముందు ఒక వారం ఏమీ మార్చకండి. వాడు చేసుకోగలిగిన పనుల్లో మీరు నెత్తినేసుకున్నవేంటో రోజూ రాత్రి కాగితం మీద రాయండి, అంతే. నా కాగితంలో బండి ఈఎంఐ, చేబదుళ్లు తీర్చడం, మరదలి దగ్గర అబద్ధాలు, అన్నీ ఉన్నాయి. అందులోంచి ఒక్కటి ఆపండి. అన్నీ ఒకేసారి ఆపితే మూడో రోజుకే మెత్తబడిపోతారు, నేను పడ్డాను. ఆపుతున్నానన్న మాట పొద్దున మత్తు దిగాక చెప్పాలి, రాత్రి తాగొచ్చినప్పుడు చెప్తే గొడవ తప్ప ఏం మిగలదు. నేనన్నది ఇంతే: "ఒరేయ్, రేపట్నుంచి మీ సార్‌కి నేను ఫోన్ చేయను. అన్నం మాత్రం ఎప్పుడొచ్చినా ఉంటుంది." కారణాలు చెప్పకండి, ఒక్కో కారణానికీ వాడి దగ్గర ఒక జవాబు ఉంటుంది (తాగేవాళ్లంత బాగా లాయర్లు కూడా వాదించలేరు).

డబ్బు చేతికివ్వద్దు. పిల్లల ఫీజు కట్టాలనిపిస్తే స్కూల్లోనే కట్టండి. షూరిటీ సంతకం అసలే వద్దు. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో హామీ ఉన్నవాళ్లకీ అంతే.

ఇక ప్రాణం మీదకొచ్చే సంగతులు వేరు, అక్కడ పట్టుదలలు పనికిరావు. ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే మొదటి రెండు రోజుల్లోనే ఫిట్స్ రావచ్చు. ఒళ్లు వణుకుతూ, లేనివి కనిపిస్తున్నాయని కలవరిస్తుంటే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అందుకే గదిలో పెట్టి తాళం వేసి మాన్పించే పని పెట్టుకోకండి. తాగుడు మాన్పించడానికి డాక్టర్లు ఇచ్చే డైసల్ఫిరామ్ మాత్రని, ఎవరో చెప్పారని వాడికి తెలియకుండా కూరలో కలపడం ఇంకా ఘోరం, దాని మీద తాగితే బీపీ పడిపోయి ప్రాణం పోవచ్చు. వాడు చెయ్యి చేసుకుంటే జాలి తర్వాత, ముందు 112కి ఫోన్ చేయండి.

నిజం చెప్పాలంటే వాడికన్నా అమ్మతోనే నాకు ఎక్కువ కష్టమైంది. "తోడబుట్టినదానివి, ఇంత రాయివైపోయావేంటే" అంటుంది. మొదట్లో గంటలు గంటలు వాదించేదాన్ని, ఇప్పుడు "నాకూ బాధగానే ఉందమ్మా" అని ఊరుకుంటున్నా. ఆ బాధ మరీ ఎక్కువైన రోజు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తాను, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. తాగేవాళ్ల కుటుంబాల కోసం 1951లో అమెరికాలో మొదలైన అల్-అనాన్ బృందాలు మన దేశంలోనూ ఉన్నాయి. 'ఇది నీవల్ల రాలేదు, నీ అదుపులో లేదు, నువ్వు నయం చేయలేవు' అని వాళ్లు చెప్పే మూడు ముక్కలు రాసి ఫ్రిజ్ మీద అంటించాను.

పోయిన సోమవారం వాడే ఫోన్ చేసుకున్నాడు. అవతలి తిట్లు వంటింట్లోకి వినిపించాయి. లేచి వెళ్లి ఫోన్ లాక్కోకుండా ఉండటానికి, అరకిలో చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ కూర్చున్నా.