అమెరికాలో కాలేజీ మారితే పిల్లల ఏపీ క్రెడిట్లు వాటంతట అవే రావండి

మా భీమవరంలో వీధికి నలుగురైనా పిల్లల్ని అమెరికాలో చదివించేవాళ్ళు ఉన్నారు కాబట్టి రాస్తున్నా. ఏపీ అంటే మన ఏపీ కాదండోయ్, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అని. హైస్కూల్లో ఉండగానే కాలేజీ స్థాయి సబ్జెక్టు చదివి మే నెలలో కాలేజ్ బోర్డ్ అనే సంస్థవాళ్ళు పెట్టే పరీక్ష రాస్తే 1 నుంచి 5 దాకా స్కోరు వేస్తారు, మంచి స్కోరొస్తే కాలేజీలో ఆ కోర్సు చదివినట్టే లెక్కేస్తారు, దాన్నే క్రెడిట్ అంటారు, మళ్ళీ చదవక్కర్లేదు, ఆ ఫీజు మిగుల్తుంది.

మా అక్క కూతురు డాలస్‌లో రెండేళ్ళు కమ్యూనిటీ కాలేజీలో (రెండేళ్ళ చదువులుండే స్థానిక కాలేజీ) చదివి యూనివర్సిటీకి మారింది. పాత కాలేజీ ట్రాన్స్‌క్రిప్ట్‌లో, అంటే మార్కుల జాబితాలో, ఏపీతో వచ్చిన కాలిక్యులస్ క్రెడిట్ ఉందిగా అదే వస్తుందిలే అని ఊరుకుంది, తీరా కొత్తవాళ్ళు ఎక్కించుకోలేదు, కాలిక్యులస్ మళ్ళీ తీసుకోమన్నారు. అర్ధరాత్రి అక్క ఫోను, ఒకటే గాభరా.

ధాన్యం సంగతే చూడండి, ఒక మిల్లులో తేమ చూసి రేటు కట్టారని ఇంకో మిల్లువాడు ఒప్పుకుంటాడా, మళ్ళీ తనే చూసుకుంటాడు. ఇదీ అంతే. చాలా కాలేజీలు పాత కాలేజీ ఇచ్చిన క్రెడిట్ చూడవు, అసలు స్కోరు కాలేజ్ బోర్డ్ నుంచే నేరుగా రావాలంటాయి. కాబట్టి పిల్లల కాలేజ్ బోర్డ్ అకౌంట్లోకి వెళ్ళి కొత్త కాలేజీకి స్కోర్లు పంపమని పెట్టాలి, పరీక్ష రాసిన ఏడాది ఒక కాలేజీకి ఫ్రీ, తర్వాత కాలేజీకి 15 డాలర్లు. హైస్కూల్లో వాడిన పాత మెయిల్ పోయిందని ఇంకో అకౌంటు తెరిస్తే అందులో స్కోర్లుండవు, అక్కడే సగంమంది ఇరుక్కుంటారు.

పంపే ముందు కొత్త కాలేజీ ఏపీ పాలసీ చూడండి. ఒకచోట 3కి ఇచ్చేది ఇంకోచోట 5 వస్తేగానీ ఇవ్వరు. టెక్సాస్ గవర్నమెంటు కాలేజీలైతే 2015లో చేసిన చట్టం ప్రకారం మామూలుగా 3కి ఇవ్వాలి. ఇచ్చినా అది మేజర్‌కి (డిగ్రీ చేసే అసలు సబ్జెక్టుకి) పనికొస్తుందా ఉత్త ఎలక్టివ్‌గా (ఇష్టమైతే తీసుకునే అదనపు కోర్సుగా) పడేస్తారా అన్నది అసలు ప్రశ్న, నా మాట విని కాలేజీలో కోర్సుల సలహాలిచ్చే అడ్వైజర్‌ని నోటితో కాదు మెయిల్లో అడగండి, రేపు మాట మారిస్తే చూపించడానికి ఉంటుంది.

హైస్కూల్లో ఉండగానే కాలేజీ కోర్సు చేసే డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్‌ని దీంతో కలపకండి, అది కాలేజీ కోర్సే, ఏ కాలేజీ ఇచ్చిందో వాళ్ళ దగ్గర్నుంచే ట్రాన్స్‌క్రిప్ట్ తెప్పించాలి.

ఇంకోటి, ఏపీ క్రెడిట్ ఉన్న కోర్సునే కాలేజీలో మళ్ళీ చేస్తే సాధారణంగా రెండుసార్లు లెక్కెయ్యరు. మా అక్క కూతురు 15 డాలర్లు కట్టి స్కోరు పంపింది, అది ఎక్కగానే ఆ కాలిక్యులస్ క్లాసు డ్రాప్ చేసేసింది. డ్రాప్ చెయ్యడానికి సెమిస్టర్ మొదట్లోనే గడువుంటుందండి, అది దాటితే కట్టిన ఫీజు వెనక్కి రాదు, అందుకే స్కోర్లు అడ్మిషన్ వచ్చిన వారంలోనే పంపించెయ్యండి.