ఇల్లు కాలిపోతే సర్కారు సాయానికి దరఖాస్తు: పంచనామా దగ్గర జాగ్రత్త

దరఖాస్తు తహసీల్దార్ పేరిట తెల్లకాగితం మీద రాసి ఇస్తే చాలు. జతగా ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, ఇంటి పన్ను రసీదు, పోలీస్ స్టేషన్‌లో ఇచ్చిన ఫిర్యాదు నకలు పెట్టాలి. ఫైరింజన్ వచ్చి ఉంటే ఫైర్ స్టేషన్ రిపోర్టు కూడా అడిగి తీసుకోండి. కాగితాలన్నీ కాలిపోయాయని ఆగిపోవద్దు. పన్ను వివరాలు పంచాయతీ కార్యదర్శి దగ్గర రికార్డులో ఉంటాయి.

అసలు చిక్కు పంచనామాలో, అంటే నష్టాన్ని కళ్లారా చూసి అధికారులు రాసే కాగితంలో వస్తుంది. సాయం ఎంతన్నది అందులో రాసే ఒకటి రెండు మాటలే తేలుస్తాయి. 2022-26 కాలానికి కేంద్రం ఖరారు చేసిన విపత్తు సాయం లెక్కలో మైదాన ప్రాంతంలో ఇల్లు పూర్తిగా పోతే, పక్కాదైనా కచ్చాదైనా, 1,20,000 రూపాయలు. పాక్షికమని రాస్తే పక్కా ఇంటికి 6,500, కచ్చా ఇంటికి 4,000. గుడిసె అయితే 8,000. మట్టిగోడల పెంకుటిల్లును గుడిసె అని రాస్తే ఎంత తేడా వస్తుందో చూడండి.

వానాకాలంలో నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఇంకో ఇబ్బంది ఉంది. దూలాలు, వాసాలు కాలి కప్పు పోయాక మట్టిగోడ నాని రెండు మూడు వానలకే కూలుతుంది. గిర్దావర్ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) వచ్చేసరికి బూడిద కొట్టుకుపోయి, కూలిన గోడే కనిపిస్తుంది. ‘వానకు కూలింది’ అని రాస్తే ఫైర్ రిపోర్టుకూ పంచనామాకూ పొంతన కుదరక ఫైలు ఆగుతుంది. ‘మంటల్లో కప్పు కాలింది, ఆ కారణంగా తర్వాత వానకు గోడ కూలింది’ అని వరుసగా రాయమని అడగండి.

అందుకే మంటలు ఆరిన రోజే నాలుగు మూలల నుంచీ ఫోటోలు తీయండి. గోడ రంధ్రంలో మిగిలిన కాలిన దూలం ముక్క, మసి పట్టిన గోడ, ఇంటి నంబరు పలక దగ్గరగా కనిపించాలి. గోడల మీద టార్పాలిన్ పట్టా కప్పండి. వంగిన గోడ దగ్గరికి మాత్రం పోవద్దు. పంచనామా అయ్యేదాకా శిథిలాలు ఎత్తివేయొద్దు.

చదవకుండా సంతకం పెట్టొద్దు. చదువు రానివాళ్లు నమ్మకమైన మనిషితో బయటికి చదివించుకోండి. సంతకం చేసే ముందే పంచనామాను ఫోన్‌లో ఫోటో తీసుకోండి. తప్పు రాశారనిపిస్తే ఆ ఫోటో, ఇంటి ఫోటోలు జతచేసి సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. మధ్యవర్తికి డబ్బులిస్తే పంచనామాలో మాట మారదు.

గ్యాస్ సిలిండర్ వల్ల అంటుకుంటే ఆయిల్ కంపెనీల బీమా వేరే ఉంటుంది. దానికోసం వెంటనే మీ గ్యాస్ ఏజెన్సీకి రాతపూర్వకంగా తెలపాలి.