జియోజీబ్రాలో కోణం చేతికిచ్చి బొమ్మను తిప్పడం

పొందూరు దగ్గర ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. జియోజీబ్రా అంటే రేఖాగణిత బొమ్మలు గీసి కదిలించే సాఫ్ట్‌వేర్. అందులో భ్రమణం (బొమ్మను ఒక బిందువు చుట్టూ తిప్పడం) పాఠం చెప్పేటప్పుడు 60° అని అంకె వేసి బొమ్మను తిప్పవద్దంటాను. అలా చేస్తే పిల్లలకు ఫలితం కనిపిస్తుంది కానీ కదలిక కనిపించదు.

పి, కె, క్యూ అనే మూడు బిందువులు పెట్టండి, పక్కన ఒక త్రిభుజం గీయండి. కోణం పరికరంతో పి, కె, క్యూ వరుసలోనే నొక్కండి; శీర్షం మధ్యలో రావాలి. ఆ కోణానికి ఆల్ఫా అని పేరు వస్తుంది. ఇప్పుడు బిందువు చుట్టూ తిప్పే పరికరం తీసుకుని త్రిభుజాన్ని, కె ను నొక్కి, తెర మీద వచ్చే పెట్టెలో ఉన్న 45° చెరిపి ఆల్ఫా పెట్టండి. క్యూను లాగండి. త్రిభుజం వెంట తిరుగుతుంది!

జియోజీబ్రా కోణాన్ని అపసవ్య దిశలో (గడియారం ముల్లుకు ఎదురుగా) కొలుస్తుంది కాబట్టి పి, క్యూలను తారుమారు చేస్తే 70° కాస్తా 290° అవుతుంది. 180° దాటగానే బొమ్మ వెనక్కి మళ్లుతుంటే, కోణం లక్షణాల్లో 0° నుంచి 360° వరకు అని ఎంచుకోండి. అంకె వేయాల్సి వస్తే డిగ్రీ గుర్తు మరవొద్దు, లేకపోతే దాన్ని రేడియన్లుగా (కోణాన్ని కొలిచే మరో ప్రమాణం) తీసుకుంటుంది.

మా ఊరి పిల్లలకు రాట్నం చక్రం బాగా తెలుసు. చక్రం మధ్య నుంచి అంచుకు వెళ్లే ఒక ఆకు గీయించి ఆల్ఫా, 2 ఆల్ఫా, అలా 7 ఆల్ఫా వరకు తిప్పిస్తాను. ఆల్ఫా 45° దగ్గర ఎనిమిది ఆకులూ సమంగా సర్దుకుంటాయి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ప్రతిబింబాల పని. కె గుండా రెండు రేఖలు గీసి త్రిభుజాన్ని మొదటి దానిలో, వచ్చిన బొమ్మను రెండో దానిలో ప్రతిబింబింపజేయండి. రేఖల మధ్య 35° ఉంటే బొమ్మ 70° తిరుగుతుంది. ఒక రేఖను లాగుతూ రెండు కోణాలనూ పక్కపక్కన కొలిపించండి.