కీలు దగ్గర వేడిగాలి: స్క్రీన్‌కు కాదు, దుమ్ముకు భయపడాలి

ల్యాప్‌టాప్ కీలు (స్క్రీన్‌ను తెరిచి మూసే హింజ్) దగ్గర వచ్చే వేడిగాలి స్క్రీన్ కింది అంచుకు తగులుతుంటే కంగారొద్దు. మూత తెరిచి ఉన్నంతసేపు అది పైకి పోతుంది. అసలు తంటా దుమ్ముతో. ఒంగోలు పక్కనున్న చీమకుర్తి గ్రానైట్ పొడి, నూలుపోగులు కలిసి ఫ్యాన్‌కీ, చిప్ వేడిని లాగే లోహపు హీట్‌సింక్ రెక్కలకీ మధ్య దుప్పటి ముక్కలా పేరుకుంటాయి. బయటి నుంచి ఊదితే ఆ పొర కదలదు.

అందుకే నా ల్యాప్‌టాప్ అడుగు మూత విప్పగానే బ్యాటరీ కనెక్టర్ తీశాను. ఫ్యాన్‌ను వేలితో ఆపి, మెత్తటి బ్రష్‌తో పొర లాగేశాను. హీట్‌సింక్ విప్పి, చిప్‌కీ దానికీ మధ్య వేడిని చేరవేసే థర్మల్ పేస్టు ఎండిపోయి ఉంటే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బియ్యపుగింజంత కొత్తది పెట్టి, హీట్‌సింక్ స్క్రూలను వాటి పక్కనున్న అంకెల వరుసలో కొద్దికొద్దిగా బిగించాను. ఒకేసారి బిగిస్తే పేస్టు ఒక పక్కకే పోతుంది.

మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటే ఒంగోలు ఎండల్లో వెనకవైపు 2 సెంటీమీటర్లు ఎత్తు పెట్టడం తప్పదు. వేరే మానిటర్ కలిపినా మూత మూయొద్దు. ఆ వేడంతా అప్పుడే స్క్రీన్ మీదికి మళ్లుతుంది.