టి ఎక్కడ ఉంది మేడమ్?

ఇంటర్ రెండో ఏడాదికి వృత్తం పాఠంలో ఎక్స్ = ఆర్ కాస్ టి, వై = ఆర్ సైన్ టి అనే పరామితీయ సమీకరణాలు (ఎక్స్, వై రెండింటినీ టి అనే మూడో రాశితో చెప్పేవి) వివరిస్తుంటే వెనక బెంచీ అబ్బాయి లేచి, "గ్రాఫులో ఎక్స్ ఉంది, వై ఉంది. మరి టి ఎక్కడ ఉంది మేడమ్?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఇన్నేళ్లుగా ఈ పాఠంలో నేను ఏది చెప్పకుండా దాటేస్తున్నానో నాకు అప్పుడు తెలిసింది.

టి కాగితం మీద ఉండదు. పెన్సిలు ఏ క్షణాన ఎక్కడ ఉందో చెప్పే గడియారం అది. అందుకే, పెట్టిన ప్రతి చుక్క పక్కనా టి విలువ చిన్నగా రాయండి.

వృత్తంతో మొదలుపెట్టకండి. దాని ఆకారం ముందే తెలుసు కాబట్టి చెయ్యి ఆలోచించకుండా గుండ్రంగా తిరిగేస్తుంది. ఎక్స్ = 10 కాస్ టి, వై = 10 సైన్ 2టి తీసుకోండి, కొలతలు సెంటీమీటర్లలో. టిని సున్నా నుంచి 360 వరకు 15 డిగ్రీల చొప్పున పెంచుతూ పట్టిక వేయండి. ముందు ఎక్స్ వరుస మొత్తం పూర్తి చేయండి, తర్వాతే వై వరుస. రెండూ అప్పటిదాకా ఒకదాని ముఖం ఒకటి చూడకూడదు. క్యాలిక్యులేటర్ డిగ్రీల్లోనే ఉందో లేదో చూసుకోండి. రేడియన్లలో ఉంటే చుక్కలు అటుకులు చల్లినట్టు పడతాయి.

సున్నా దగ్గర (10, 0). 30 దగ్గర రెండూ 8.7. 45కి వై 10కి చేరుతుంది, ఎక్స్ అప్పటికి 7.1కి దిగింది. 90కి మూలబిందువు (0, 0). అక్కడి నుంచి ఎడమవైపు కిందికి జారి, 180కి (-10, 0). ఆపైన ఎడమవైపు పైకెక్కి, 270కి మళ్లీ మూలబిందువు. పడుకున్న ఎనిమిది! మధ్యలో ఒకే చుక్క పక్కన 90, 270 అని రెండు అంకెలు పడ్డాయి చూడండి. టి రాయమన్నది ఇందుకే.

ఇప్పుడు బొమ్మ చుట్టూ చతురస్రం గీయండి. వక్రం పై అంచును రెండుసార్లు, కుడి అంచును ఒకసారి తాకుతుంది. వై రెండు ఊపులు ఊగేలోగా ఎక్స్ ఒకటే ఊగుతుందన్నమాట.

సైన్ 2టి బదులు కాస్ 2టి పెట్టి చూడండి. వేగాలు మారలేదు, దశ, అంటే ఊపు ఎక్కడ మొదలవుతుందన్నది, ఒక్కటే 90 డిగ్రీలు జరిగింది. ఎనిమిది మాయమై పరావలయం ముక్క మిగులుతుంది. పెన్సిలు 180 దాకా వెళ్లి, వచ్చిన దారినే తిరిగి వస్తుంది. నాకు ఎనిమిది కన్నా ఇదే ఇష్టం.

వీటిని లిస్సాజు పటాలంటారు. ఫ్రాన్సులో లిస్సాజు అనే భౌతికశాస్త్రవేత్త 1857లో శ్రుతిదండాలకు (కొడితే ఒకే స్వరంలో మోగే ట్యూనింగ్ ఫోర్కులకు) అద్దాలు అతికించి, వాటి మీద పడిన వెలుతురుతో చూపించాడు. అమెరికాలో బౌడిచ్ అనే గణితవేత్త 1815లోనే వీటిని పరిశీలించాడు గాని, పేరు మాత్రం లిస్సాజుకే దక్కింది.

ఇంట్లో చూడాలంటే, ఒకే ఎత్తులో రెండు మేకులు కొట్టి వాటి మధ్య దారం వదులుగా కట్టండి. దాని నడిమికి ఇంకో దారం ముడివేసి, అడుగున చిన్న చిల్లు పెట్టిన సీసా వేలాడదీయండి. మేకుల వరుస నుంచి సీసా నడుముకు 80 సెంటీమీటర్లు, ముడి నుంచి 20 ఉండాలి. మేకుల వరుసకు అడ్డంగా ఊగితే పొడవు 80, వరుస వెంట ఊగితే ముడి కింది 20 మాత్రమే. పొడవు నాలుగోవంతు అయితే ఊపు రెట్టింపు వేగంగా సాగుతుంది. మేకుల వరుసకు ఏటవాలుగా లాగి వదలండి. నేను మొదట ముగ్గుపిండి పోశాను, చిల్లు పూడుకుపోయింది. జల్లించిన ఎండు ఇసుక బాగా జారింది. ఊపు తగ్గేకొద్దీ గీతలు ఒకదానిలో ఒకటి ఒదుగుతూ లోపలికి వచ్చాయి. మా పనిమనిషి చీపురు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది.